పిండిమర దగ్గర బాణం

"ఈసారి దారి రివాల్ గారి పొలంలోంచే వెయ్యాలి బాబాయ్. వేరే గత్యంతరం లేదు," అంది నోల్వెన్, పటం మీద వేలు పెట్టి.

గుల్వెన్ పటం వంక చూడలేదు. "ఆ ఎత్తు ముసలాళ్ళకి కష్టం," అన్నాడు.

"నిరుడూ ఇదే మాటన్నావు. అంతకన్నా పెద్ద గుట్టలు మూడు ఎక్కించావు మాచేత. వాగు మీద వంతెన మరమ్మతుకి తవ్వేశారు కదా, ఇంకెటు పోతాం? ఆయన్ని అడిగితే గేటు తీస్తాడు. దారులు వేసేది నువ్వు. అడగాల్సిందీ నువ్వే."

నోల్వెన్ సైకిల్ క్లబ్బు కార్యదర్శి. పాతికేళ్ళ పిల్ల. ఆమెకి ఏం తెలుసు?

ఫ్రాన్సులోని బ్రిటనీ పల్లెల్లో ఆదివారం చర్చికి పోనివాళ్ళు ఉంటారు గానీ సైకిలెక్కనివాళ్ళు తక్కువ. ఆ గుట్టల్లో, కంచెల మధ్య సందు దారుల్లో క్లబ్బుకి దారి గీసేది ముప్పై ఏళ్ళుగా గుల్వెనే. ముందురోజే బయల్దేరి, ప్రతి చీలిక దగ్గరా ఆగి, తారు మీద తెల్లరంగుతో బాణం వేస్తాడు. వేసి ఊరుకోడు. వెనక్కి వచ్చి, ఎదురుగా వచ్చేవాడి కళ్ళతో మళ్ళీ చూస్తాడు. రాత్రి వాన పడితే పొద్దున్నే పోయి మళ్ళీ దిద్దుతాడు.

"పాదిరిగారి మాటైనా తప్పుతుందేమో, బాబాయ్ బాణం తప్పదు," అని క్లబ్బులో నవ్వేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా గుల్వెన్‌కి తల వంగిపోయేది. అణకువ అనుకునేవాళ్ళు.

శనివారం ఉదయం రివాల్ గేటు ముందు సైకిల్ దిగాడు. దిగి, పావుగంట సేపు గొలుసు బాగుచేసుకుంటున్నట్టు నటించాడు. గొలుసుకేమీ కాలేదు.

ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. ఒకే గుట్టల మీద సైకిల్ తొక్కారు. తేడా ఒక్కటే. గుల్వెన్ రొప్పుతూ ఎక్కే ఎత్తుని రివాల్ ఈల వేసుకుంటూ ఎక్కేవాడు. వాళ్ళకి ఇరవై ఒకటో ఏట, ఊరి జాతర రేసు రోజున, ముగింపు గీత దగ్గర ఒక పెద్ద సైకిల్ జట్టు మనిషి వచ్చి నిలబడ్డాడు. గెలిచినవాణ్ణి జట్టులోకి తీసుకుపోతాడు. గెలిచేది ఎవరో ఊరందరికీ తెలుసు. రివాల్ తండ్రి అప్పటికే తన పందుల వ్యాను మీద కొడుకు పేరు రాయించేశాడు.

చివరి పది కిలోమీటర్లలో ముందున్నది వాళ్ళిద్దరే. పిండిమర ముందు పల్లంలో గుల్వెన్ ప్రాణాలకు తెగించి సైకిల్ని కిందికి దూకించాడు. నూరు గజాలు ముందుకొచ్చాడు. చీలిక దగ్గర కాపలా మనిషి లేడు, దాహానికి పోయాడు. గుంజకి తీగతో కట్టిన చెక్కబాణం ఒక్కటే ఉంది. ఆ వేగంలో ఎవడూ ఆలోచించడు, బాణం ఎటు చూపితే కాళ్ళు అటే పోతాయి.

గుల్వెన్ చేయి ఒక్కసారి ఆడింది. ఎడమకి చూపేది కుడికి చూపింది.

రివాల్ గీత దగ్గరికి రానేలేదు. వెనకున్న ముప్పై మందీ వచ్చారు. ఎవరో చూసి సరిచేసి ఉంటారనుకున్నాడు గుల్వెన్. జట్టు మనిషి అతని భుజం తట్టాడు. ఆ భుజం ఇప్పటికీ మండుతుంది.

జట్టులో ఒక్క ఏడాది నిలిచాడు. తర్వాత ఊరికొచ్చి ఇళ్ళకి పలకరాళ్ళ కప్పులు వేసుకుంటూ బతికాడు. రివాల్ ఆ వారమే సైకిల్ అమ్మేసి పందుల దొడ్లో పడ్డాడు. సంతలో ఎదురైతే జున్ను కొట్టు వెనకనుంచి తప్పుకుపోయేవాడు. వాళ్ళ నాన్న చనిపోయినప్పుడు గుల్వెన్ చెయ్యి చాస్తే, అందుకున్నాడు గానీ మొహం చూడలేదు. లాగి ఒకటి కొట్టినా బావుండేది.

రబ్బరు బూట్లతో రివాల్ బయటికొచ్చాడు. బొజ్జ పెరిగింది. గుల్వెన్‌ని చూసి ఆగి, చూపు దించేసుకున్నాడు.

"గేటు సంగతేగా. నోల్వెన్ ఫోన్ చేసింది. తీసి ఉంచుతాలే," అని వెనక్కి తిరిగాడు.

"అందుకు రాలేదు."

రివాల్ గేటు గడియ తీశాడు. "లోపలికి రా అయితే."

బల్ల మీద నల్లగోధుమ అట్టు పెట్టాడు. గిన్నెలో ఆపిల్ కల్లు పోశాడు. గుల్వెన్ ముట్టలేదు.

"పిండిమర దగ్గర బాణం తిప్పింది నేను," అన్నాడు. "నీ నోటి దగ్గర కూడు లాక్కున్నాను. నువ్వు పందుల దొడ్లో ఉండాల్సినవాడివి కాదు."

దొడ్లో పందులు అరుస్తున్నాయి.

"ఇంకెవరికైనా చెప్పావా?" అన్నాడు రివాల్.

"లేదు. మా ఆవిడకి కూడా."

"నలభై ఏళ్ళు."

"నలభై ఒకటి. రేపు క్లబ్బులో అందరి ముందూ చెప్పేస్తాను. బాణాలు వేసే పని ఇంకెవరికైనా ఇస్తాను. నా చేతికి ఆ అర్హత లేదు."

రివాల్ తన గిన్నెలో కల్లు పోసుకున్నాడు. గిన్నె నిండి బల్ల మీదికి పొర్లింది. తుడవలేదు.

"చెప్పకు," అన్నాడు.

"నా మీద జాలి పడొద్దు రివాల్. జాలి తట్టుకోలేను."

"జాలి కాదురా," అన్నాడు రివాల్, తల ఎత్తకుండా. "నువ్వు తిప్పిన బాణాన్ని దిగి సరిచేసింది నేనే, రేసులు నాకొద్దని మా నాన్నకి చెప్పే ధైర్యం లేక తెలిసే ఆ కుడిదారిన ఇంటికొచ్చేసి, ఇన్నేళ్ళూ నువ్వే దొంగవని నిన్ను అనుకోనిచ్చాను."