మూడో మనిషికి జాగ

2011 సెప్టెంబరు పదమూడు. ఆ పొద్దున యజ్ఞనారాయణ వేడివేడి సర్వపిండి రొట్టె తిన్నాడు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన రోజు. గోదావరిఖనిలో బొగ్గు బాయిలు ఆగిపోయాయి, హోటళ్ళు తెరవలేదు. ఒంటరి మనిషి ఏం తింటాడోనని పక్కింటి రాజకుమారి గిన్నెతో సహా తెచ్చి గోడ మీద పెట్టి పోయింది.

తిని, చెయ్యి కడుక్కుని, కుంటుకుంటూ షెడ్డులోకి వెళ్ళాడు. లోపల పాతకాలపు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు.

బానెట్టు ఎత్తి, ఇంజను పైమూత విప్పి బల్ల మీద పెట్టుకున్నాడు. దాని నల్లరంగు నున్నగా ఉండదు, సన్నటి ముడతలు పడి ఉంటుంది. ఫ్యాక్టరీలోనే అలా వేస్తారు. మధ్యలో మాత్రం అరచెయ్యంత మేర ముడతలు చెరిగి, మాడిన మచ్చ.

గరుకు ఎమెరీ కాయితం ఆ మచ్చ మీద ఆనించాడో లేదో, గుమ్మంలో గొంతు వినిపించింది.

"గా మచ్చ తియ్యకు సారు."

ఎవరో ముసలాయన. మాసిన అంగీ, కుడిచేతికి చుట్టుకున్న తువ్వాల.

"ఎవరండీ మీరు?"

"కమాన్‌పూర్ దిక్కు. బండి ఇంక ఉన్నదని విన్న. చూసి పోదామని వచ్చిన."

"చూశారుగా."

"చూసిన. మచ్చ ఉండనియ్యి."

యజ్ఞనారాయణకు చిరాకేసింది. ఆదివారం హైదరాబాదులో పాత కార్ల ప్రదర్శన. ప్రతి భాగమూ పుట్టినప్పటి రంగులోనే ఉండాలని వాళ్ళ నియమం.

"మచ్చతో ఏ బండీ ఫ్యాక్టరీ నుంచి రాదండీ."

"మచ్చతోని మనిషి గూడ పుట్టడు సారు. బతికినంక పడ్తయి."

ఆ మాట నచ్చలేదు గానీ, ఇంటికొచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపడం ఆయనకు చేతకాదు. ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు.

ముసలాయన ఎడమచేత్తో అందుకున్నాడు.

ఎడమచెయ్యి! సమ్మె రోజు కదా, తనలాంటి ఆంధ్రావాడికి ఈమాత్రం మర్యాద చాలనుకున్నాడు కాబోలు. యజ్ఞనారాయణ మొహం బిగుసుకుంది.

"ఈ బండి విలువ మీకు తెలీదు. గనిలో పైకప్పు కూలి నా కాళ్ళు నలిగిన రోజు, మేనేజరు గారు దీంట్లోనే నన్ను ఆస్పత్రికి చేర్చారు. నాకు స్పృహ లేదు. నేను మంచం మీద ఉండగానే ఆయనకు బదిలీ అయింది. పోతూ బండి నాకే వదిలేశారు. ఆయన పేరు నిలబెట్టడానికే ఇదంతా."

ముసలాయన నవ్వాడు.

"సారు ఒక్కడే తెచ్చిండా?"

"ఇంకెవరు? రెండే సీట్లు. ఒకదాంట్లో ఆయన, ఒకదాంట్లో నేను."

"గదే మరి. మూడో మనిషికి జాగ లేదు."

"ఏంటండీ మీ ఉద్దేశం?"

"నేను చెప్ప. అడుక్కున్నట్టుంటది."

"అయితే నా బండి, నా ఇష్టం!"

యజ్ఞనారాయణ పంతంగా రుద్దాడు. మచ్చ నల్లటి పొడిగా రాలింది. ముసలాయన చూపు తిప్పుకోలేదు. ఆఖరి రవ్వ రాలేదాకా నిలబడి, గ్లాసు బల్ల మీద బోర్లించాడు.

"సక్కగైంది సారు. నేను వచ్చినట్టే లేదు."

తల దించకుండా వెళ్ళిపోయాడు.

యజ్ఞనారాయణ మూతకు రంగు కొట్టి, పోయిన భార్య మాణిక్యాంబ బిస్కెట్లు చేసే అవెన్‌లో పెట్టి కాల్చాడు. వేడికి ముడతలు ఒక్కొక్కటే పొంగి లేచాయి. అచ్చం ఫ్యాక్టరీ పనే.

శనివారం సాయంత్రం బండిని తీసుకుపోవడానికి మేనేజరు గారి కూతురు శ్రీలేఖ వచ్చింది. బానెట్టు ఎత్తగానే ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది.

"ఇక్కడ చెయ్యి ఉండాలి కదా అంకుల్?"

"ఏ చెయ్యమ్మా?"

"మీకు తెలుసనుకున్నాను. మిమ్మల్ని తెస్తుంటే దారిలో ఆక్సిలరేటర్ తీగ తెగిందట. వెనకాలే పరుగెత్తుకొస్తున్న కార్మికుడొకడు బానెట్టు ఊడదీసి పారేసి, మడ్‌గార్డు మీద బోర్లా పడుకుని, ఆస్పత్రి దాకా ఒక చేత్తో ఆ తీగ లాగి పట్టుకున్నాడట. జారిపోకుండా రెండో చెయ్యి ఈ మూత మీద ఆనించాడట. నిప్పులా కాలుతోందట అది. నాన్న ఆపబోతే, 'ఆపితే మనిషి పోతడు, నడుపు!' అని అరిచాడట. అందుకే నాన్న ఆ గుర్తు చెరపనివ్వలేదు. మీకు బండి వదిలిందీ అందుకే."

యజ్ఞనారాయణ ఆ కొత్త రంగు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. బానెట్టు దించాడు.

"బండి రాదమ్మా."

"ఇంత బాగా వచ్చింది, అంకుల్! బహుమతి ఖాయం."

"ఈ రంగు అబద్ధం చెప్తోంది. నా కాళ్ళు ఉన్నంతకాలం దీన్ని ఏ ప్రదర్శనకూ పంపను. వాళ్ళు ఏమనుకున్నా సరే."

ఆమె వెళ్ళాక గోడ దగ్గరికి వచ్చాడు.

"రాజకుమారీ, ఆ రోజు వచ్చిన ముసలాయన పేరేమైనా అడిగావా?"

"లే సారు. పోతాంటే పిలిచి సర్వపిండి పెట్టిన. నేనే తుంపి చేతికిచ్చిన."

"తుంపి ఇవ్వడమెందుకు?"

"తువ్వాల తీసిండు గద సారు. మీరు చూడలే?"

ఆయన చెప్పుల్లో కాళ్ళు దూర్చి గేటు వైపు కదిలాడు.

"కమాన్‌పూర్ దిక్కు సగం ఊర్లు ఓపెన్‌కాస్టు గనుల కింద పోయినయి. ఎక్కడని దేవులాడుతరు సారు?"

చీకటి పడింది. యజ్ఞనారాయణ షెడ్డు తలుపు గొళ్ళెం ఊడదీసి బల్ల మీద పెట్టి, తన ప్రాణం కోసం కాల్చుకున్న కుడిచేతిని తువ్వాలలో చుట్టుకొచ్చిన ఆ మూడో మనిషి ఎడమచేత్తో తోసినా తెరుచుకునేలా, తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.