వెనక వరుసలో పచ్చచీర

పుత్తూరులో ఆడపిల్ల కాలు విరిగితే ఎవరూ కంగారుపడరు. కట్టు కట్టేవాళ్ళకు ఆ ఊళ్ళో కొదవ లేదు. కానీ ఖోఖో ఆడుతూ ఆడుతూ కళ్ళు తిరిగి పడిపోతే, దానికి కట్టు ఎక్కడ కడతారు?

తొమ్మిదో తరగతి మోనిక అలాగే పడిపోయింది. జట్టుకు కెప్టెన్. జిల్లా పోటీలు పై వారమే.

ఆ ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు లోకేశ్వరి. మనిషి మంచిదే, నోరే కాస్త దూకుడు. పిల్లకు గ్లూకోజు నీళ్ళు తాగించి మెల్లగా విషయం రాబట్టింది. నెలనెలా ఆ మూడు రోజులూ మోనిక సరిగా తినదు. నొప్పి ఎవరికీ చెప్పదు.

"శనివారం లేడీ డాక్టరు వస్తా ఉండారు. అమ్మల మీటింగు. మీ అమ్మ వచ్చి అన్నీ తెలుసుకుంటేనే నిన్ను పోటీలకు పిల్చుకోని పొయ్యేది," అంది లోకేశ్వరి.

"మా నాయన వస్తే చాలదా మిస్?"

"మొగోళ్ళు కూర్చుంటే ఆడోళ్ళు నోరు విప్పుతారా? నాయనలొద్దు. అయినా ప్రోగ్రెస్ కార్డు మీద చూస్తే మురుగేష్ అని ఆయన సంతకమే. ఫోనెత్తేదీ ఆయనే. మీ అమ్మకు నీ గురించి అంత తీరిక లేదా?"

మోనిక ఏదో చెప్పబోయి ఆగింది. పాత బడిలో అందరూ జాలిపడి జాలిపడి ఆ పిల్ల ప్రాణం తోడేశారు. ఈ బడికొచ్చింది ఈ ఏడే. ఇక్కడ కెప్టెన్ అంటే కెప్టెనే, ఇంకో పేరు లేదు.

"వస్తాది మిస్," అంది నేల చూస్తూ.

శనివారం హాలంతా మల్లెపూల వాసన. డాక్టర్ వనజాక్షి ఎంతో వివరంగా చెబుతోంది. తల్లులేమో ఒకరు ఫోను చూస్తారు, ఒకరు గాజులు లెక్కపెట్టుకుంటారు, డాక్టరు ముఖం మాత్రం ఎవరూ చూడరు. వెనక వరుసలో, తలనిండా కనకాంబరాలతో, ఎర్రంచు పచ్చచీర. కుచ్చిళ్ళు ఇస్త్రీ చేసినట్టు కుదిరాయి. కిటికీ అవతల మోనిక ఆ చీర వైపే చూస్తూ గోళ్ళు కొరుక్కుంటోంది. ఓహో, ఈవిడేనన్నమాట, అనుకుంది లోకేశ్వరి.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అడిగింది డాక్టరు.

తల్లులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పుడు పచ్చచీర చెయ్యి పైకి లేచింది.

"ఆ మూడు దినాలు బిడ్డ ఆటాడొచ్చునా మేడమ్?" గొంతు బొంగురుగా ఉంది.

"నిక్షేపంగా ఆడొచ్చమ్మా. ఒంట్లో రక్తం తక్కువైతే కళ్ళు తిరుగుతాయి. పరీక్ష చేయించండి. ఆకుకూర, రాగిసంగటి, గుడ్డు బాగా పెట్టండి."

"నొప్పొస్తే ఏం చెయ్యాల?"

"వేడినీళ్ళ కాపడం పెట్టండి. తగ్గకపోతే నా దగ్గరికి తీసుకురండి."

"ఆ ప్యాడు ఎంతసేపటికొకసారి మార్చాల? వాడింది యాడ పారెయ్యాల?"

హాలు ఘొల్లుమంది. ముందు వరుసలోంచి పంకజాక్షి అనే తల్లి వెనక్కి తిరిగి మరీ నవ్వింది. "ఏమ్మే, ఇదీ అడగాల్నా? నువ్వు ఆడదానివి కాదా ఏంది?"

పచ్చచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకెవురు చెప్పినారక్కా? మా అమ్మ నోరెత్తలేదు. నా బిడ్డకన్నా నేను చెప్పుకోవాల గదా. అది నొప్పి దిగమింగుకోని మూలన ముడుక్కోని పడుకుంటే, ఏం చెయ్యాల్నో తెలీక నా కడుపు తరుక్కుపోతా ఉండాది."

నవ్వులు ఆగిపోయాయి. పంకజాక్షి తనే లేచి నిలబడింది.

"అదీ నిజమేలే. మేడమ్, మా పిల్లకి కూడా ఒకటి అడగల్ల..."

ఇక చూడాలి! ఒకరి తర్వాత ఒకరు. డాక్టరు టీ చల్లారిపోయింది కానీ ప్రశ్నలు ఆగలేదు. ఇన్నాళ్ళకు ఒక మీటింగు మీటింగులా జరిగిందని ఆవిడ మురిసిపోయింది.

లోకేశ్వరి గబగబా వెనక వరుస దగ్గరికి వచ్చింది. "గొంతుకేమైందమ్మా?"

"నగరిలో పవర్‌లూమ్ కాడ పని మిస్. ఆ మోతలో అరిచి అరిచి ఇట్లయిపోయింది."

లోకేశ్వరికి మనసు చివుక్కుమంది. లోపలికి పరుగెత్తుకొచ్చిన మోనికను దగ్గరికి లాక్కుంది. "నేనే తొందరపడి మాటన్నానే. నీకోసం ఇంత మనసు పెట్టేవాళ్ళుంటే నీకేం భయం! సోమవారం ప్రాక్టీసుకొచ్చెయ్, కెప్టెన్."

మోనికకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గంతులేస్తూ గేటు దాటింది.

నగరి బస్సులో కండక్టరుకు మాత్రం తల తిరిగిపోయింది. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమని ఎంత చెప్పినా పచ్చచీర వినదే!

"ఫ్రీ గదమ్మా!"

"వద్దప్పా. నా టికెట్టుకు దుడ్లు తీసుకో."

డబ్బులు తీసుకునేదాకా ఊరుకోలేదు. పక్క సీట్లో మోనిక నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

ఇంట్లోకి రాగానే తలుపు గడియ పడింది.

"ఈసారి నొప్పొస్తే దాచిపెట్టకూడదు. చెప్తావా?"

"చెప్తాను నాయనా," అంటూ మోనిక, గోడమీద దండ వేసిన అమ్మ ఫోటో వైపు చూసి నవ్వి, చుట్టుపక్కల ఊళ్ళ భారతం వీధినాటకాల్లో ఏటా ద్రౌపది వేషం కట్టే మురుగేష్ తలమీంచి కనకాంబరాలతో సహా పెట్టుడు జుట్టు ఊడదీసింది.