సినిమాలో లేని అక్క

తెర మీద విశ్రాంతి అని పడి లైట్లు వెలగగానే బాలలక్ష్మి లేచింది. పక్కనే ఉన్న తల్లి దేవవ్వ కొంగు పట్టి గుంజినా కూర్చోలేదు. మొదటి వరుసలో మెడలో దండతో కూర్చున్న దర్శకుడు శ్యాంసుందర్ ఎదుటికి వెళ్లి నిలబడింది.

"మా ఇంట్ల ఆడివిల్లలు ఎంతమంది సార్?" అని అడిగింది.

ఆయనకు ముందు అర్థం కాలేదు. డాక్టర్ వందనకు సొంత అక్కనని ఆమె చెప్పుకున్నాక లేచి నమస్కారం పెట్టాడు. ఆ సినిమా వందనదే. మెట్‌పల్లి దగ్గరి పల్లెలో, బీడీలు చుట్టే ఇంట్లో పుట్టి డాక్టరైన ఆడపిల్ల కథ అని కరీంనగర్ గోడల నిండా పోస్టర్లు వేశారు. విడుదలకు ముందు సొంతవాళ్లను పిలిచి వేసిన ఆట ఇది. వందన మాత్రం ఆస్పత్రిలో ఆపరేషన్ ఉండి ఇంకా రాలేదు.

"ఇద్దరం," అని తనే జవాబు చెప్పింది బాలలక్ష్మి. "మీ సిన్మల ఒక్కతే ఉన్నది. ఇంకోదాన్ని ఏం జేసిండ్రు?"

ఆయన ఓపికగానే చెప్పాడు. రెండున్నర గంటల సినిమాలో ఇద్దరు పిల్లలుంటే చూసేవాళ్ల మనసు ఎవరి మీదా నిలవదట. కష్టమంతా ఒక్కరి మీద పెడితేనే జనం ఏడుస్తారట. ఎవరినీ తక్కువ చేసే ఉద్దేశం లేదట.

ఆమె ఒళ్లు మండిపోయింది. తెర మీద ఆ పిల్ల ఏడో తరగతిలో బడి మానేసి బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. నానిన తునికాకు కత్తిరించి కత్తిరించి వేళ్లు పగిలాయి. బీడీలు బాగా రాలేదని కార్ఖానాలో ఒకడు గుప్పెడు విరిచి మొహాన కొడితే, కింద పడ్డ తంబాకును ఏరుకుంటూ ఏడ్చింది. ఆ రోజు ఏరుకున్నది బాలలక్ష్మి. వందన పుట్టి బుద్ధెరిగాక ఒక్క బీడీ చుట్టలేదు. అక్క చుట్టనివ్వలేదు. తంబాకు ఘాటుకు దగ్గు పడుతుందని చెల్లెల్ని గడప అవతల కూర్చోబెట్టి చదివించింది.

అది కూడా ఓర్చుకునేదేమో. ఆ తర్వాత సినిమాలో బడి పంతులు ఇంటికొచ్చాడు. తల్లితో పోట్లాడి, పిల్ల ఒళ్లోని చాట తీసి పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని మళ్లీ బడికి తీసుకుపోయాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. బాలలక్ష్మి చేతులు మాత్రం కదల్లేదు.

"నా చేతులు తీసి గా పిల్లకు పెట్టిండ్రు. నేను పడ్డ మాటలు గామెకు పెట్టిండ్రు. ఆఖరికి సారును గూడ పంపిండ్రు," అంది. "మా ఇంటికి ఏ సారు రాలే. వస్తే నేను గట్లెందుకు కూసుందును, చాట ముంగటేసుకోని?"

చుట్టూ జనం మూగారు. ఇద్దరు ముగ్గురు ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు. శ్యాంసుందర్ గొంతు తగ్గించాడు.

"అమ్మా, మొదట నేను ఇద్దరు అక్కచెల్లెళ్లనీ రాసుకున్నాను. ఒకరిని తీసెయ్యాల్సిందేనని పట్టుబట్టింది డాక్టర్ గారే."

ఆయన ఇంకా ఏదో చెప్పబోయాడు. వినడానికి ఆమె అక్కడ లేదు.

గబగబా మెట్లు దిగింది. ఏడాది నుంచి చెల్లెలు ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. ఆకు ఎంతసేపు నానబెడ్తవక్కా, దారం ఎన్ని చుట్లు చుడ్తవక్కా, కార్ఖానాల గాయిన ఏమన్నడక్కా అని గుచ్చి గుచ్చి అడిగేది. ఇన్నాళ్లకు తన బాధ అడిగే మనిషి దొరికిందని బాలలక్ష్మి కడుపులోదంతా చెప్పుకుంది. దొంగ చేతికి తాళం ఇచ్చినట్టయింది.

బయట వందన కారు దిగుతోంది. అక్కను చూసి నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఒకల్ని తీసెయ్యమన్నవట?"

వందన నవ్వు ఆగిపోయింది. కానీ తల దించుకోలేదు. "అవునక్కా, నేనే అన్న."

"ఇన్నేండ్లల్ల నిన్నేమన్న అడిగిన్నానే?" అంది బాలలక్ష్మి. "నీ ఇంటికొస్తే కుర్చీ ఎయ్యకున్నా ఊకుందును. నలుగుట్ల అక్కా అని పిలువకున్నా ఊకుందును. నేను పుట్టనే లేదని లోకానికి జూపిస్తవా?"

వందన చెయ్యి పట్టుకోబోయింది. అక్క విదిలించుకుంది. లోపల రెండో సగం మొదలైనట్టు గంట మోగింది. గేటు దగ్గరి మనిషి లోపలికి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. ఇద్దరూ కదల్లేదు.

వందన కళ్లు తుడుచుకుంది.

"బడి మాని బీడీలు జేసిన పిల్ల మల్ల బడికి పోవాలె, గా పిల్లనే డాక్టర్ కావాలె అని పట్టువట్టిన," అంది. "తీసెయ్యమన్నది నిన్ను గాదక్కా, నన్ను."