బకెట్ల తూకం

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట పరీక్షకు ముగ్గురు వచ్చారు. ఉద్యోగం మాత్రం ఒక్కటే.

ముందు వచ్చింది ఒకావిడ. మూడు నెలల క్రితం వరకూ ఇక్కడ వండింది ఆవిడ భర్తే. పదకొండేళ్లు వండాడు. ఒకరోజు పిలిచి రేపట్నుంచి రావద్దన్నారు. కారణం చెప్పలేదు. అప్పటినుంచి ఆయన ఇంట్లో కూడా గరిటె ముట్టలేదు. “నా చేతిలో ఏ లోపం వచ్చిందో తెలిస్తే చాలు,” అంటూ కూర్చుంటాడు. ఈ ఉద్యోగం వస్తే ఇల్లు గడుస్తుంది, ఆయన తల ఎత్తుకుని తిరుగుతాడు అని ఆవిడ ఆశ.

రెండోవాడు హోటల్లో వండిన మనిషి. మూడోవాడు పొయ్యి వెలిగించడానికే ఆరు అగ్గిపుల్లలు తగలేశాడు.

గోడ మీద పెద్ద అక్షరాలతో ‘ఒక్క మెతుకు కూడా పారేయకండి’ అని రాసి ఉంది. కిటికీలోంచి చూస్తే పెరట్లో కొత్తగా కట్టిన బయోగ్యాస్ ట్యాంకు. తిండి వ్యర్థాలు అందులో కుళ్లి వంటగ్యాస్ అవుతాయట. సోమవారం ఛైర్మన్‌గారు వచ్చి తొలి మంట వెలిగిస్తారని దానికి అప్పుడే రిబ్బను కూడా కట్టేశారు.

ఆవిడ మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకుని గరిటె అందుకుంది.

మధ్యాహ్నం ఒక్కొక్కరి వంటా ఇరవైమందికి వడ్డించారు.

“అక్కా, ఇంకో గరిటె వెయ్యవూ,” అన్నాడు ఆవిడ వరుసలో ఒకడు.

“వాడికి మూడోసారి అక్కా. గిన్నె ఇటు తిప్పు,” అన్నాడు పక్కవాడు.

మూడోవాడి వరుసలో ఒక పెద్దాయన అన్నం ముద్దను వేలితో నొక్కి చూశాడు. “దీన్ని గోడకేసి కొడితే గోడే బీటలిస్తుందిరా,” అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

పళ్లేల్లో మిగిలింది మూడు బకెట్లలోకి దులిపారు. మేనేజరు స్వయంగా తూకం వేశాడు. హోటలువాడిది మూడు కిలోలు. మూడోవాడిది తొమ్మిది. ఆవిడ బకెట్లో ఒకే ఒక ఎండుమిరపకాయ ఉంది. తూకం ముల్లు కదల్లేదు.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, నవ్వు ఆపుకుంటూ నిలబడింది.

మేనేజరు తిన్నగా వచ్చి వంటగది తాళాలు మూడోవాడి చేతిలో పెట్టాడు. “రేపట్నుంచి వచ్చెయ్.”

మూడోవాడు తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసుకున్నాడు.

ఆవిడ మేనేజరుకు ఎదురు వెళ్లింది. “నా వంటలో తప్పేముంది బాబూ? మా ఆయనా మూడు నెలలుగా ఇదే అడుగుతున్నారు.”

“తప్పేం లేదమ్మా, నేనే రెండుసార్లు వేయించుకున్నాను,” అని మేనేజరు నిట్టూర్చి కిటికీవైపు చెయ్యి చూపించాడు, “కానీ మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఇలా పళ్లేలు కడిగినట్టు ఖాళీ చేయించేస్తే, పెరట్లో ఆ ట్యాంకు ఏం తిని బతకాలి?”