రాజనర్సు సార్ పాస్‌వర్డ్

రాజనర్సు తన భార్యను చంపబోతున్నాడని లైబ్రేరియన్ లక్ష్మీరాజానికి రూఢి అయిపోయింది.

జగిత్యాలలోని ఆ యూనివర్సిటీ పీజీ సెంటర్ లైబ్రరీకి ఆన్‌లైన్ డేటాబేస్ వచ్చి రెండేళ్లు. పీహెచ్‌డీ చేసే లెక్చరర్లకు తలా ఒక పాస్‌వర్డ్ ఇచ్చారు. ఎవరి పాస్‌వర్డ్ మీద ఏం వెతికారో లైబ్రేరియన్ తన కంప్యూటర్‌లో చూసుకోవచ్చు. లక్ష్మీరాజం ఎన్నడూ చూడలేదు. ఎలా చూడాలో తెలియదు కాబట్టి. ఆ రోజు పొరపాటున ఏదో నొక్కితే తెరుచుకుంది.

రాజనర్సు సోషియాలజీ లెక్చరర్. నెల రోజులుగా ఆయన పాస్‌వర్డ్ మీద వరసగా ఒకటే ధ్యాస. పురుగుమందుల విషం. ఆనవాలు దొరకని విషం. గుండెపోటులా కనిపించే చావు.

రాజనర్సు పెళ్లాన్ని కొడతాడని స్టాఫ్‌రూంలో అందరికీ తెలుసు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు, లక్ష్మీరాజంతో సహా.

పోలీసులకు చెప్పాలా? సర్కారుకూ నక్సలైట్ అన్నలకూ చర్చలు తెగిపోయిన రోజులవి. స్టేషన్ మెట్లెక్కినవాడికి సాయంత్రంలోగా ఇన్‌ఫార్మర్ అని పేరొచ్చేది. అంత గుండె తనకు లేదని లక్ష్మీరాజానికి బాగా తెలుసు. ఉన్నదల్లా తెలివి అనుకునేవాడు. ఒకసారి డిక్షనరీ పోయిందని స్టూడెంట్లందరినీ దొంగల్లా చూసి, చివరికి ఎత్తు కోసం తానే దాన్ని కుర్చీలో వేసుకు కూర్చున్నట్టు కనిపెట్టిన తెలివి అది.

రాజనర్సు క్లాసులో ఉండగా లక్ష్మీరాజం, ఆయన ఇల్లున్న కోరుట్లకు బస్సెక్కాడు.

రాజనర్సు భార్య భూలక్ష్మి తలుపు తీసింది. సిరిసిల్లలో మగ్గం నేసే ఇంటి పిల్ల, పెళ్లికి ముందే ఎమ్మెస్సీ చేసింది. మణికట్టు మీద కమిలిన మచ్చను కొంగుతో కప్పుకుంది.

"సార్ కాలేజికి పోయిండు గదా."

"ఎరుకే చెల్లె. నీతోనే పని."

విషయం మెల్లగా ఎలా చెప్పాలో బస్సులో దారి పొడుగునా సాధన చేసుకున్నాడు. తీరా నోట్లోంచి వచ్చింది వేరు.

"నీ మొగడు నిన్ను సంపేటందుకు చూస్తుండు!"

భూలక్ష్మి కదలకుండా అంతా విన్నది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఆయనకు మౌసు పట్టుడు గూడ రాదు సార్. గవన్ని దేవులాడేది నేను, గీ బస్టాండు కాడి నెట్ సెంటర్ల కూసుండి."

"నువ్వా?"

"రైతులు మందు తాగి సచ్చిపోతే గుండెపోటని రాసి, సర్కారు పైసలు రాకుంట జేస్తున్నరు గదా. గదే ఆయన పీహెచ్‌డీ. పేరు ఆయనది, రాసుడు నాది. ఎవ్వలకు చెప్పకుండ్రి, ఆయన ఇజ్జత్ పోతది."

లక్ష్మీరాజానికి భూమిలోకి దిగిపోదామనిపించింది. డిక్షనరీ తర్వాత ఇది రెండోది. స్టేషన్‌కు పోనందుకు తన పిరికితనానికి లోలోపల దండం పెట్టుకున్నాడు. కొట్టే మొగుడి కోసం రాత్రీ పగలూ థీసిస్ రాస్తున్న ఆ ఇల్లాలిని చూస్తే జాలేసింది. ఆమె చాయ్ పెట్టి ఇస్తే కళ్లెత్తి చూడలేక తాగేశాడు.

లేచి బయల్దేరబోతుంటే రాజనర్సు వచ్చాడు. ఎవరో బంద్ అన్నారట, కాలేజీ మూశారట. వస్తూనే చెప్పులు విసిరేశాడు. భూలక్ష్మి లోపలికి వెళ్లి ఆయనకు వేరే కప్పులో చాయ్ తెచ్చి ఇచ్చింది.

"ఏంది సార్, మా ఇంటికచ్చిండ్రు?" అన్నాడు రాజనర్సు చాయ్ గుక్క వేస్తూ.

లక్ష్మీరాజం తడబడ్డాడు. ఆమె గుట్టు దాచాలి, తన పరువూ దాచుకోవాలి. ఇద్దరికీ పనికొచ్చే అబద్ధం తట్టినందుకు తనను తానే మెచ్చుకున్నాడు.

"ఏం లేదు సార్. కోరుట్లల పనుండి అచ్చిన. మీ పీహెచ్‌డీ ఏడిదాంక అచ్చిందో అడిగి పోదామని..."

"పీహెచ్‌డీయా? గది ఇడిసిపెట్టి ఏడాదాయె. ముందుగాల భూలక్ష్మికి చెప్పినంకనే ఇడిసిన," అంటూ రాజనర్సు ఖాళీ కప్పు కింద పెట్టాడు.