మామగారి తూటా

“రెండు పనులకీ ఒకే తుపాకీ కావాలన్నావుగా, ఇంక ఆలోచించడానికేముంది?” అంటూ కొట్టు యజమాని రస్ ఒక రైఫిల్‌ని బల్ల మీద ముందుకు జరిపాడు. “సిక్స్ పాయింట్ ఫైవ్ తూటా వేసే ఈ రైఫిల్ తీసుకో. జింకకీ చాలు, ఆరువందల గజాల గురికీ చాలు. భుజం మీద పెద్దగా తన్నదు కూడా.”

కర్టిస్‌కి ఆ సంగతి తెలియక కాదు. వేసవిలో జరిగే దూరపు గురిపోటీల్లో అది వాడేవాళ్ళే కప్పులు ఎత్తుకుపోతుంటే ఏటా చూస్తున్నాడు. పక్కన అతని మామగారు హాల్వర్ మూతి ముడుచుకుని నిలబడ్డాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ ఆ పెద్దమనిషి దృష్టిలో తూటా అంటే ఒక్కటే, తను వాడే త్రీ నాట్ ఎయిట్. మిగతావన్నీ ఉడతల్ని బెదిరించడానికి పనికొచ్చేవి.

“నీ ఇష్టం అల్లుడూ. నా మాట ఈమధ్య ఎవరు వింటున్నారు గనక,” అన్నాడు హాల్వర్.

నిజానికి ఆయన బాధ తూటాల గురించి కాదు. వరసగా మూడు సీజన్లు గురి తప్పాడు. గురి తప్పినవాడి చొక్కా అంచు కత్తిరించి గోడకు మేకు కొట్టడం వాళ్ళ వేట గుడిసెలో ఆనవాయితీ. మూడేళ్ళ చొక్కా ముక్కలూ అక్కడ వేలాడుతూ ఆయన్ని వెక్కిరిస్తున్నాయి. ఈసారి కూడా తప్పితే తుపాకీ అమ్మేసి ఇంట్లో కూర్చుంటానని కూతురు లవర్న్‌తో చెప్పేశాడు. ఉత్తుత్తి బెదిరింపులు ఆయనకు చేతకావు. వేట మానేస్తే మనిషి మంచం పడతాడని లవర్న్ బెంగ. అదే బెంగ కర్టిస్‌కీ ఉంది.

కర్టిస్ కాసేపు తల గోక్కుని త్రీ నాట్ ఎయిట్ తూటా వేసే రైఫిల్ అందుకున్నాడు. మామగారు ఏ కంపెనీ తూటాలు, ఎంత బరువున్నవి వాడతారో అడిగి మరీ అవే కొన్నాడు. గురిపోటీలకు నీళ్ళొదులుకున్నట్టేనని రస్ గొణిగాడు. హాల్వర్ మొహం మాత్రం చేటంత అయింది. అల్లుడికి ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందని దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు.

వేట మొదలైన రోజు పొద్దున్నే ఇద్దరూ నారింజ రంగు కోట్లు తొడుక్కుని మంచెలెక్కారు. మామగారిది ముందు, అల్లుడిది కాస్త వెనక. విస్కాన్సిన్ చలికి ముక్కులు మొద్దుబారాయి. బాగా తెల్లారాక చెట్ల మధ్యనుంచి మంచి కొమ్ములున్న మగ జింక ఒకటి వచ్చి ఆగింది. హాల్వర్ చేతులు ఈమధ్య వణుకుతున్నాయి. అయినా ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు. కొండ కూడా బదులు పలికినట్టు పెద్ద చప్పుడైంది. జింక రెండడుగులు వేసి కూలిపోయింది.

గుడిసె దగ్గర జింకను కోసేటప్పుడు తూటా వెతికి తీయడం కూడా వాళ్ళ ఆనవాయితీయే. ఎవరి తూటా దొరికితే వేట వాళ్ళది, వెన్నలో ఉల్లిపాయలతో వేయించిన గుండెకాయ వాళ్ళది. హాల్వర్ తమ్ముడు ఆర్నీకి అనుమానాలెక్కువ. ఒంటి మీద ఒక్కటే గాయం చూసి, లోపల దొరికిన తూటాను వెలుగులో తిప్పి తిప్పి కొలిచాడు.

“త్రీ నాట్ ఎయిటే,” అని చివరికి ఒప్పుకున్నాడు. తర్వాత కర్టిస్ వైపు చూశాడు. “నువ్వు కాల్చలేదా?”

“మామయ్య నాకు అవకాశం ఇస్తేగా,” అన్నాడు కర్టిస్.

అందరూ నవ్వారు. అంత డబ్బు పోసి కొన్న తుపాకీకి బోణీ కాలేదని ఆర్నీ భోజనమయ్యేదాకా ఏడిపించాడు. హాల్వర్ గుండెకాయ ముక్కలు ఒక్కొక్కటే ఆస్వాదిస్తూ, వచ్చే ఏడుకి తన మంచెకు కొత్త నిచ్చెన వేయాలని అందరికీ పనులు పురమాయించాడు. ఆయన్ని అంత సంతోషంగా చూసి చాలా కాలమైంది.

కర్టిస్ కూడా కడుపునిండా తిని, తన తుపాకీ తీసుకుని ఒంటరిగా వసారాలోకి వచ్చి తుడవడానికి కూర్చున్నాడు.

దాని గొట్టం ఇంకా కాలిన మందు వాసన వేస్తోంది.