గోడ మీద చెమ్మ

“ఇంట్లో కంటికి కనిపించని లోపం ఉందని తెలిస్తే, అమ్మిపెట్టేవాళ్లు ఏం చెయ్యాలి?” వెర్నా పుస్తకంలో చూసి అడిగింది.

“కొనేవాళ్లకు చెప్పి తీరాలి అత్తయ్యా.” రోండా సింకు తుడుస్తూనే జవాబిచ్చింది.

“కంటికి కనిపించేదైతే?”

“అది వాళ్లే చూసుకుంటారుగా!”

“హమ్మయ్య, ఇదొక్కటైనా ఎక్కింది బుర్రకి. రెండుసార్లు తప్పినదానివి, మూడోసారైనా గట్టెక్కుతావో లేదో!” అత్తగారు నల్లటి ఐస్ టీ చప్పరించింది. ఆ గ్లాసు ఆవిడ చేతిలో లేని క్షణం ఉండదు.

రోండా పళ్లు కొరుక్కుంది. ఇళ్లు అమ్మిపెట్టే లైసెన్సు పరీక్ష శనివారమే. చదవడానికి మాత్రం గంట తీరిక చిక్కడం లేదు.

అమెరికాలోని టాంపా ఊరి చివర ఆ ఇంటిని చూస్తే ఎవరికైనా కన్ను కుట్టాల్సిందే. కానీ అది వాళ్లది కాదు. అమ్మకానికి పెట్టిన ఇల్లు బోసిగా ఉంటే కొనేవాళ్లకు మనసు పుట్టదని, ఓ కంపెనీ ఇలాంటి సంసారాలను తక్కువ అద్దెకు తెచ్చి పెడుతుంది. షోకేసులో బొమ్మల్లాగా ఉండాలి. వేపుళ్లు చెయ్యకూడదు. సొంత ఫొటోలు పెట్టకూడదు. పళ్లెంలో నిమ్మకాయలు చూడ్డానికే. టీలోకని వెర్నా ఓసారి ఒకటి తీసుకుంటే, కంపెనీ మేనేజరు బీమన్ ఇంటికొచ్చి మరీ ఆరా తీశాడు.

ఎవరైనా ఇల్లు చూడ్డానికొస్తున్నారంటే ఫోను మోగుతుంది. ఇరవై నిమిషాల్లో దీపాలన్నీ వేసి, టూత్‌బ్రష్షులతో సహా మాయమైపోవాలి. వాళ్లు వెళ్లేదాకా సూపర్ మార్కెట్ ముందు కారులో కూర్చోవాలి. రోండా చదువంతా ఆ కారులోనే.

ఇల్లు అమ్ముడైతే వారంలో ఖాళీ చెయ్యాలి. అలా ఇప్పటికి మూడు ఇళ్లు మారారు. ఈసారి కంపెనీ చేతిలో ఇంకో ఇల్లు లేదు. పడవలు బాగుచేసే భర్త డేల్ సంపాదన తిండికే బొటాబొటి. వంతెన అవతల ఇళ్లమ్మే ఆఫీసు నడిపే ఓడమ్ మేడమ్ మాత్రం ఒక మాట ఇచ్చింది, పరీక్ష పాసైతే ఉద్యోగంతో పాటు ఉండడానికి ఆఫీసు పైనున్న వాటా కూడా ఇస్తానని. పాసయ్యేలోపు ఈ ఇల్లు అమ్ముడైతే ఇక కారులోనే కాపురం.

ఇన్నాళ్లూ ఇల్లు అమ్ముడుపోకుండా నిలబడింది ఒక మరక పుణ్యమా అని. వెనకగదిలో కిటికీ కింద గోడ మీద గోధుమరంగు చెమ్మ. డేల్ రంగు వేస్తాడు. కొన్నాళ్లు బాగుంటుంది. మళ్లీ వస్తుంది. ప్లంబరు వెతికితే లీకు దొరకలేదు. గోడ పగలగొట్టడానికి ఎక్కడో ఒహాయోలో ఉన్న యజమాని ఒప్పుకోడు. వచ్చినవాళ్లు బూజు పడుతుందేమోనని జడుసుకుని వెళ్లిపోతారు.

శుక్రవారం ఫోను మోగింది.

“డాక్టరు దంపతులమ్మా! బేరం కుదిరినట్టే. గోడ ఎలా ఉంది?” అన్నాడు బీమన్.

రోండా వెళ్లి చూసింది. కిందటి వారమే డేల్ రంగు వేశాడు. పాలలా తెల్లగా ఉంది.

“శుభ్రంగా ఉందండీ,” అంది చచ్చినట్టు. దేవుడా, ఆ పాడు మరక రాకూడదా అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది.

దుప్పట్లు సర్ది, దిండ్లు దులిపి, పుస్తకం చంకన పెట్టుకుని కారెక్కింది. డేల్ హారన్ కొట్టాడు. వెర్నా జాడ లేదు.

“అమ్మా! వాళ్లొచ్చేస్తున్నారే!”

“ముసలిదాన్నిరా! బాత్రూముకైనా వెళ్లనిస్తారా లేదా?” లోపల్నించి కేక.

ఎప్పుడూ అంతే. అందరూ కారెక్కాక గానీ ఆవిడ కదలదు. చివరికి టీ గ్లాసు పట్టుకుని, చేతిసంచీ భుజాన వేసుకుని తాపీగా వచ్చింది. సంచీలోంచి రొట్టెల మీద వెన్న పూసే బ్రష్షు పిడి బయటికి పొడుచుకొచ్చింది.

“పొయ్యే వెలిగించని ఇంట్లో ఇదొకటి! దీన్నెందుకు మోస్తారు అత్తయ్యా?” రోండా ఉక్రోషంగా అంది.

“మా అమ్మదే. నీ పుస్తకం నువ్వు మోసుకో, నా బ్రష్షు నేను మోసుకుంటా.”

సూపర్ మార్కెట్ ముందు కారులో ఎండ మండిపోతోంది. రోండాకు ఒక్క అక్షరం ఎక్కలేదు. గంట తర్వాత బీమన్ ఫోను.

“మళ్లీ అదే దరిద్రం! ఇందాక లేదన్నావు, ఇప్పుడు అరచేయంత మరక! వాళ్లు వెళ్లిపోయారు.”

రోండా సీటులో వెనక్కి వాలింది. కన్నీళ్లు ఆగలేదు.

“ఏడుపు తర్వాత. తొమ్మిదో పాఠం తియ్యి,” అంది వెర్నా.

శనివారం రోండా పాసైంది.

ఆదివారం ఓడమ్ మేడమ్ వాటాలోకి మారడానికి సామాను సర్దుకుంటుంటే బీమన్ వచ్చి రంగుడబ్బా పెట్టి వెళ్లాడు. ఇల్లు ఖాళీ చేసేముందు ఆ గోడకి చివరిసారి పూత వెయ్యమన్నాడు. డేల్ గొణుక్కుంటూ వేశాడు.

“ఎందుకు దండగ? వారం తిరక్కుండా మళ్లీ రాదూ!” అంది రోండా.

“ఇక రాదులే,” అంటూ వెర్నా గ్లాసులో మిగిలిన టీ సింకులో ఒంపేసి, టీ రంగు పట్టిన వెన్న బ్రష్షుని సబ్బు పెట్టి తోమడం మొదలుపెట్టింది.